చుక్క పడేది ఒకచోట, పుట్టేది ఒకచోట

(ట్రాక్టర్లు, డీజిల్ జనరేటర్లు ఉన్న రైతులకూ డ్రైవర్లకూ, కాలువలు కట్టేసిన (నీళ్ళు ఆపేసిన) రోజుల్లో చెప్పిన మాటలు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? లేకపోతే చెయ్యెత్తండి, నేనే గట్టిగా మాట్లాడతాను. ఈ మైకు మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

కాలువలు కట్టేశారు. రెండో పంట, దాళ్వా కోతలు అయిపోయినాయి. ధవళేశ్వరం నుంచి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా బండి పాకలోనే ఉంటుంది. నీళ్ళొచ్చాయా, ఇక నారుమళ్ళు, నాట్లకి ముందు చేను బురదగా దున్నే దమ్ములు, ఫోను మీద ఫోను. అప్పుడు బండి విప్పి కూర్చుంటానంటే ఎవడూ ఒప్పుకోడు. విప్పాల్సింది ఏమన్నా ఉంటే ఇప్పుడే విప్పాలి. అందుకని ఈవేళ ఒక్క విషయమే పెట్టుకున్నాం, ఇంజన్ ఆయిలు కారడం.

ధారగా కారడం గురించి కాదండి. ధారగా కారితే చిన్నపిల్లాడైనా బండి ఆపుతాడు. నేను చెప్పేది చెమట పట్టినట్టు తడిగా ఉంటుందే, తెల్లారి చూస్తే కింద రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ పడుతుందే, దాని గురించి. “పాత బండి కదా, కారక ఏం చేస్తుంది” అని గుడ్డతో తుడిచేస్తామే, దాని గురించి.

సరే, వదిలేస్తే ఏమవుతుంది? ఒక లెక్క వేద్దాం. ఇంజన్ తిరుగుతుండగా 10 సెకన్లకి ఒక చుక్క పడుతోందనుకోండి. గంటకి 360 చుక్కలు. మిల్లీలీటరుకి ఆయిలు చుక్కలు 20 నుంచి 30 దాకా వస్తాయి. అంటే గంటకి 12 నుంచి 18 మిల్లీలీటర్లు. దమ్ములో రోజుకి 10 గంటలు తోలితే 120 నుంచి 180. వారం తిరిగేసరికి లీటరుకి అటూ ఇటూ. మరి ఆయిలు కొలిచే పుల్ల, గేజి మీద పై గీతకీ కింది గీతకీ తేడా ఎంతుంటుంది? చాలా ఇంజన్లలో లీటరు, లేదా లీటరున్నర. రోజూ పొద్దున్నే గేజి తీసి చూసే డ్రైవరుకి ఇదేం ప్రమాదం కాదు. చూడని డ్రైవరు చేతిలో ఆ బండి దమ్ముల సీజను దాటుతుందని నేను హామీ ఇవ్వలేను.

గేజి చూడటం అంటే సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ ఆపి ఓ 10 నిమిషాలు ఆగి చూడటం. చేలో ఒక చక్రం బోదెలో, ఒక చక్రం గట్టు మీద పెట్టి చూస్తే అది గేజి చూసినట్టు కాదు. చూశాను అనుకోవడానికి చూడటం.

ఆయిలు పోవడం ఒక్కటే కాదు. తడి మీద మన నల్లరేగడి బురద పట్టుకుంటుంది, ఎండుతుంది, దాని మీద మళ్ళీ పట్టుకుంటుంది. ఇంజనుకి గాలి తగలదు. కోతల్లో గడ్డి నుసి అంటుకుంటుంది. ఆ ఆయిలూ నుసీ కలిసి సైలెన్సరు మ్యానిఫోల్డు మీదకి చేరితే నిప్పు ఎంతసేపట్లో అంటుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఫ్యాను బెల్టు, రబ్బరు గొట్టాలు, ఇంజన్ కింద రబ్బరు దిమ్మలు, ఇవన్నీ ఆయిలుకి మెత్తబడి ఉబ్బిపోతాయి.

ఇంతకీ కారేది ఇంజన్ ఆయిలేనా? నవ్వకండి. ముందు తేల్చుకోవాల్సింది అదే. ఒక పెద్ద అట్టపెట్టె విప్పి రాత్రి ఇంజన్ కింద పరవండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద గీత గీసుకోండి. లేకపోతే పొద్దున మచ్చ ఇంజన్ ముందు భాగం కిందో వెనక భాగం కిందో తెలియదు. నల్లగా, జారుగా ఉంటే ఇంజన్ ఆయిలు. తేనె రంగులో చిక్కగా, ముక్కుకి ఘాటుగా తగిలితే గేరు ఆయిలు. ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగుది కావచ్చు. పల్చగా అట్టంతా పాకి, వాసన ఇట్టే తెలిసిపోతే డీజిలు. పచ్చగానో నీలంగానో ఉండి వేళ్ళ మధ్య జిడ్డు లేకుండా జారితే కూలెంటు.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను. గేజిలో ఆయిలు తగ్గాలి, లేదా అలాగే ఉండాలి. పెరుగుతోంది అంటే మాత్రం బండి స్టార్టు చెయ్యకండి. గేజి పుల్ల వాసన చూడండి. డీజిలు వాసన వస్తే పంపు సీలు (కారకుండా ఆపే రబ్బరు రింగు) నుంచో ఇంకోచోట నుంచో డీజిలు ఛాంబరులోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి దిగుతోంది. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి. అది ఈవేళ్టి పాఠం కాదు, అది మెకానిక్కు దగ్గరకి పోవాల్సిన వ్యవహారం.

ఇప్పుడు అసలు సంగతి. చుక్క పడే చోటు వేరు, ఆయిలు పుట్టే చోటు వేరు. ఆయిలు రెండు మాటలే వింటుంది. ఒకటి, కిందకి పారడం. రెండోది, ఫ్యాను గాలి ఎటు తోస్తే అటు వెనక్కి పోవడం. ఇంజన్ పైన మూతలా ఉండే టాపెట్ కవరు ముందు మూలలో పుట్టిన తడి బ్లాకు పక్కనుంచి జారి, గాలికి వెనక్కి పాకి, ఛాంబరు వెనక అంచున చుక్కై పడుతుంది. మనమేం చేస్తాం? కింద పడుకుని చూసి, “ఛాంబరు ప్యాకింగ్ పోయింది” అంటాం. ప్యాకింగ్ అంటే రెండు భాగాల మధ్య కారకుండా పెట్టే పొర. ఛాంబరు దించుతాం, కొత్త ప్యాకింగ్ వేస్తాం, డబ్బులిస్తాం. పొద్దున మచ్చ అక్కడే ఉంటుంది. అప్పుడు మెకానిక్కుని తిడతాం. తప్పు ఎవరిది?

అందుకని తడిలో అన్నిటికంటే పైన ఉన్న చోటు, అన్నిటికంటే ముందున్న చోటు వెతకాలి. దాని కింద ఎంత తడి ఉన్నా దాన్ని నమ్మొద్దు.

వెతకాలంటే ముందు కడగాలి. ఇంజన్ చల్లారాక డైనమోకీ, సెల్ఫ్ మోటారుకీ, ఎయిర్ ఫిల్టరు నోటికీ పాలిథీన్ సంచులు కట్టండి. పుట్టీ కత్తితో బురద పెళ్ళలు గీకేయండి. లీటరు డీజిలు డబ్బాలో పోసుకుని పెయింటు బ్రష్షుతో పైనుంచి కిందకి పూస్తూ రండి. పావుగంట నాననిచ్చి సబ్బునీళ్ళతో కడగండి. సర్వీసింగ్ షెడ్డులో ప్రెషరు నీళ్ళు కొట్టించేవాళ్ళు సీళ్ళ మీద, వైర్ల మీద సూటిగా కొట్టించకండి. తర్వాత ఎండలో ఆరనివ్వండి. డీజిలు పూర్తిగా పోవాలి. లేకపోతే ఆ డీజిలే మళ్ళీ తడిలా కనపడి మోసం చేస్తుంది.

ఆరాక, ఇదిగో ఈ డబ్బా. ఏంటిది? ముఖానికి రాసుకునే పౌడరు. ఇంట్లో అడిగి తెచ్చుకోండి, చెప్పకుండా తేవొద్దు. అనుమానం ఉన్న చోటల్లా పల్చగా చల్లండి. ముగ్గుపిండి వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. అది రాతిపిండి. సీలు పెదవిలోకో బెల్టులోకో పోతే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. పౌడరు చల్లాక స్టార్టు చేసి 15 నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. టార్చి పట్టుకుని చూడండి. తెల్లటి పౌడరు మీద ఆయిలు పుట్టిన చోట ముందు తడిగా చిన్న మరక వస్తుంది, తర్వాత గీతలా కిందకి దిగుతుంది. ఆ గీత తలే మనకి కావాలి. ఐడిల్‌లో ఏమీ కనపడకపోతే ఓ గంట లోడు మీద తోలి వచ్చి చూడండి. కొన్ని వేడెక్కితేగాని బయటపడవు.

తిరిగే ఇంజన్ దగ్గరకి తువ్వాలు మెళ్ళో వేసుకుని, లుంగీ కట్టుకుని వెళ్ళకండి. ఫ్యానుకి మొహమాటం లేదు.

చోటు దొరికిందా? పానా పట్టుకోకండి. ఇంకొకటి చూడాలి, చాలామంది వదిలేసేది. బ్రీదరు. పిస్టన్ పక్కల నుంచి కొంచెం గాలి ఎప్పుడూ ఛాంబరులోకి దిగుతుంది. అది బయటికి పోవడానికి బ్రీదరు గొట్టం. ఆ గొట్టం మూసుకుపోతే? లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ ఆయిలుని బయటికి తోస్తుంది. సీళ్ళు మార్చుకుంటూ పోతారు, ఒకటి మారిస్తే ఇంకోటి కారుతుంది. మన వైపు ఆ గొట్టం ఎందుకు మూసుకుపోతుంది? దమ్ములో గొట్టం చివర బురద చిమ్మి ఎండిపోతుంది. రెండోది, పాకలో నెల రోజులు ఖాళీగా ఉన్న బండి గొట్టంలో మట్టి గూడు కట్టే కందిరీగ కాపురం పెడుతుంది. చెవిదుద్దంత రంధ్రం దొరికినా చాలు దానికి. గొట్టం ఊడదీసి వైరు పెట్టి పొడవండి, డీజిలుతో కడగండి, నోటితో ఊదండి, గాలి పోవాలి. జాలీ ఉంటే అదీ కడగండి.

బ్రీదరు శుభ్రంగా ఉన్నాక ఐడిల్‌లో ఆయిలు పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ నోటి మీదే ఊరికే పెట్టండి. కొంచెం వణికితే పర్లేదు. ఎగిరి పక్కన పడితే పిస్టన్ రింగులు అరిగాయి, గాలి ఎక్కువ దిగుతోంది. అలాంటి ఇంజనుకి ప్యాకింగులు మార్చి డబ్బు తగలేయకండి. రోగం కింద ఉంది.

ఇక ఒక్కో చోటూ. పైనుంచి వద్దాం.

టాపెట్ కవరు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. ఎందుకంటే మీ చేతులతో మీరే బాగుచేసుకోగలిగిందీ, మీ చేతులతో మీరే ఎక్కువ పాడుచేసుకునేదీ ఇదే. ఇదిగో, ఒక కవరు తెచ్చాను, పాత కార్కు ప్యాకింగుతో సహా. అటునుంచి పంపుకుంటూ రండి. బోల్టు రంధ్రం దగ్గర వేలు పెట్టి చూడండి. రేకు అంచు కిందకి పళ్ళెంలా గుంటపడింది, తెలుస్తోందా? రెండు బోల్టుల మధ్య రేకు పైకి లేచింది. అక్కడే కారింది. కార్కు కూడా చూడండి, బోల్టు దగ్గర నలిగి చీలిపోయింది, మధ్యలో మాత్రం కొత్తదానిలా ఉంది. ఇదెలా జరిగింది? తడి కనపడింది, బిగించారు. మళ్ళీ కనపడింది, ఇంకా బిగించారు. బిగించేకొద్దీ బోల్టు దగ్గర నలుగుతుంది, మధ్యలో తెరుచుకుంటుంది. కారుతోందని బిగించడమే దీని చావు.

కవరు విప్పేముందు చుట్టుపక్కల దుమ్ము ఊదేయండి. విప్పాక లోపల ఆయిలు రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటి కూడా లోపల పడకూడదు. కవరు కూర్చునే హెడ్డు మీద అతుక్కున్నదాన్ని స్క్రూడ్రైవరుతో గీకకండి, గీత పడిందంటే ఆ గీతే కాలువ. పాత బ్లేడు ముక్క పడుకోబెట్టి నెమ్మదిగా లాగండి. తర్వాత థిన్నరు గుడ్డతో రెండు వైపులా తుడవండి. జిడ్డు మీద ఏ గమ్ము పూసినా పట్టదు.

గుంటపడిన అంచుని చదును చేయాలి. కవరు తిరగేసి, గుంట ఉబ్బిన వైపు పైకి వచ్చేలా, నున్నటి ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయండి. అద్దం పలక మీద పెట్టి చూస్తే ఎక్కడా వెలుతురు కనపడకూడదు. పోత అల్యూమినియం కవరైతే సుత్తి ముట్టకండి, పగులుతుంది.

కొత్త కార్కు ప్యాకింగ్ దుకాణంలో చాన్నాళ్ళు పడి ఉంటే ఎండి కుంచించుకుపోతుంది, రంధ్రాలు కలవవు. లాగకండి, తెగుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టి, తుడిచి ఆరబెడితే మామూలు కొలతకొస్తుంది. గమ్ము కవరు వైపు మాత్రమే, పల్చగా. హెడ్డు వైపు వద్దు. అలాగైతే మళ్ళీ టాపెట్లు సెట్ చేసుకునేటప్పుడు ప్యాకింగ్ చిరక్కుండా కవరుతోపాటే వస్తుంది.

బిగింపు. మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివరలకి పోవాలి. రెండు విడతల్లో. 10 నంబరు పానా పట్టే 6 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలుగా 10 న్యూటన్ మీటర్లు. అంటే ఎంత? 15 సెంటీమీటర్ల పానా కొసన ఆరేడు కేజీల లాగుడు. కార్కు ఉన్నచోట అంత కూడా అక్కర్లేదు. బొటనవేలు, రెండు వేళ్ళతో పానా పట్టుకోండి. పిడికిలి బిగించారంటే ఎక్కువైపోయినట్టే. మీ బండి పుస్తకంలో ఒక అంకె ఉంటే నేను చెప్పింది వదిలేసి ఆ అంకె పట్టుకోండి. కొన్ని కవర్లకి చుట్టూ బోల్టులుండవు, నడుమ రెండో మూడో నట్లు, వాటి కింద రబ్బరు వాషర్లు ఉంటాయి. ప్యాకింగ్ మార్చి ఆ వాషర్లు మార్చకపోతే అక్కడి నుంచే కారుతుంది.

సిలికాన్ ట్యూబు గురించి. మన మెకానిక్కులకి అది అన్నంలో నెయ్యి అయిపోయింది. ఎంత ఎక్కువైతే అంత మంచిదని. కాదండి. 2, 3 మిల్లీమీటర్ల సన్నటి తీగలా, బోల్టు రంధ్రానికి లోపలి వైపు నుంచి చుట్టి రావాలి. 10 నిమిషాల్లోపు కవరు కూర్చోబెట్టి చేత్తో బిగించి, గంట ఆగి పానా వేసి, ఆ రోజుకి వదిలేయాలి. ఎక్కువ పూస్తే ఏమవుతుంది? బయటికి వచ్చింది మీకు కనపడుతుంది. అంతే లోపలికీ వస్తుంది. అది ఊడి ఛాంబరులో పడి ఆయిలు పంపు జాలీకి అడ్డుపడితే బేరింగులకి ఆయిలు అందదు. చుక్క ఆపబోయి క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, పోగొట్టుకున్నట్టు.

తర్వాత ఆయిలు గొట్టాల బెంజో బోల్టులు, అంటే లోపలి నుంచి ఆయిలు పారే బోలు బోల్టులు. బోల్టు తలకింద ఒక రాగి వాషరు, గొట్టానికి అవతల ఒకటి, మొత్తం రెండు. కొత్తవి వేయడం మేలు. దొరక్కపోతే పాతవాటిని గ్యాసు మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో వేయండి. ఉక్కైతే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. అద్దం మీద 400 నంబరు ఉప్పుకాగితం వేసి రెండు వైపులా రుద్దితే మళ్ళీ పనికొస్తుంది.

ఆయిలు లైటుకి వైరు వెళ్ళే ప్రెషరు స్విచ్. వైరు ఊడదీయండి. లోపల ఆయిలు ఉందా? స్విచ్ పోయినట్టే, దానికి మరమ్మతు లేదు, మార్చడమే. కొత్తది బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు బారెడు చుట్టకండి. ఒకే వైరున్న స్విచ్చుకి ఎర్తు ఆ మరల నుంచే వస్తుంది. టేపు మందంగా చుట్టి ఎర్తు తెగితే ఆయిలు లేకపోయినా లైటు వెలగదు.

ఆయిలు ఫిల్టరు. కొత్తది వేసిన గంటకే ధారగా కారితే అనుమానం ఒక్కటే, పాత రబ్బరు రింగు బ్లాకుకి అతుక్కుని ఉండిపోయింది, దాని మీద కొత్తది కూర్చుంది. పాత ఫిల్టరు తీయగానే దాని రింగు దానికే ఉందా చూడండి. కొత్త రింగుకి ఆయిలు పూసి, రబ్బరు తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు. డ్రెయిన్ బోల్టుకి ప్రతిసారీ కొత్త వాషరు. దాని గురించి అంతే.

క్రాంకు ముందు సీలు. పుల్లీ విప్పాక సీలు పెదవి తిరిగే చోట గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుందా? గాడి పడింది. కొత్త సీలు అదే గాడిలో కూర్చుంటే మళ్ళీ కారుతుంది. చోటుంటే సీలుని 2 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి, లేదంటే పల్చటి స్లీవు దొరుకుతుంది, అది ఎక్కించాలి. సీలులో స్ప్రింగు ఉన్న వైపు ఆయిలు వైపు ఉండాలి. పెదవికి ఆయిలు పూయకుండా ఎక్కిస్తే పొడిగా తిరిగి మొదటి నిమిషాల్లోనే మాడుతుంది. సుత్తితో ఒక పక్క కొట్టకండి, సీలు వెడల్పున్న గొట్టం ముక్క పెట్టి సమంగా దింపండి.

ఇప్పుడు దమ్ము బండ్లవాళ్ళు వినండి. క్లచ్ హౌసింగ్ కింద చాలా బండ్లకి చిన్న రంధ్రం ఉంటుంది. బురదనీళ్ళు పోకుండా దమ్ముకి ముందు దానికి ప్లగ్గు పెడతాం. దమ్ము అయ్యాక తీయాలి. ఎంతమంది తీశారు? చేతులెత్తండి. చూశారా? ప్లగ్గు అలాగే ఉంటే కారిన ఆయిలు బయటికి రాక క్లచ్ ప్లేటుకి తగులుతుంది, క్లచ్ జారుతుంది. ఇంటికెళ్ళగానే కింద డబ్బా పెట్టి ప్లగ్గు తీయండి. నల్లటి ఆయిలు వస్తే ఇంజన్ వెనక సీలు, తేనె రంగైతే గేరుబాక్సు షాఫ్టు సీలు, బురదనీళ్ళైతే ప్లగ్గు సరిగ్గా కూర్చోలేదు. వెనక సీలు అని తీర్మానించేముందు టాపెట్ కవరు వెనక మూల పొడిగా ఉందో లేదో చూసుకోండి. అక్కడ పుట్టిన తడి బ్లాకు వెనక గోడ మీద జారి హౌసింగులోకి దూరుతుంది. సీలుకోసం ఇంజన్ని గేరుబాక్సు నుంచి విడదీసి బండి రెండు ముక్కలు చేయాలి. ఎలాగూ చేశారు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజు బేరింగు అప్పుడే చూసుకోవాలి.

ఏమంటున్నారండీ పెద్దాయన? ఆ... రొయ్యల చెరువు మీద జనరేటరు. మంచి ప్రశ్న. ఉప్పుగాలి తగిలే చోట, అంతర్వేది, మొగల్తూరు వైపు, రేకు ఛాంబర్లు తుప్పుపట్టి సూదిబెజ్జాలు పడతాయి. ప్యాకింగ్ బాగానే ఉంటుంది, రేకు అడుగున తడి ఉంటుంది. పైన ఎమ్‌సీల్ ముద్ద పెడితే, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగకూడని రాత్రికి పనికొస్తుందేమో, అంతకుమించి నమ్మొద్దు. ఛాంబరు దించి, కడిగి, ఇత్తడి వెల్డింగైనా పెట్టించాలి, లేదా మార్చాలి. తర్వాత రెండు కోట్లు పెయింటు.

కారడం ఆపుతామని సీసాల్లో అమ్మే మందులు? అవి ముదిరిన రబ్బరుని కాస్త ఉబ్బిస్తాయి. గట్టిపడిన సీలైతే కొన్నాళ్ళు చెమట తగ్గుతుంది. తెగిన ప్యాకింగుకి, గుంటపడిన రేకుకి ఏం చేస్తాయి? ఏమీ చేయవు. చిక్కటి ఆయిలు పోయడం కూడా అంతే. పుస్తకంలో ఆయిలు చిక్కదనం నంబరు 15డబ్ల్యూ-40 అని ఉంటే అదే పోయండి.

విప్పినప్పుడు తీసిన కాలిన ఆయిలు కాలవ గట్టున పారబోయకండి. ఇప్పుడు కాలవ ఎండి ఉంది, ఏముందిలే అనిపిస్తుంది. రేపు నీళ్ళొస్తే అదే మంచినీళ్ళ చెరువులోకి ఎక్కుతుంది. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న కొనుగోలుదారుకే ఇవ్వండి.

పని అయ్యాక మళ్ళీ పౌడరు చల్లి గంట తోలండి. చల్లారాక బోల్టులు ఒక్కసారి అదే అంకెకి చూసుకోండి, ఒక్కసారే. రెండు రాత్రులు అట్ట పరవండి. మొదటి రాత్రి సందుల్లో మిగిలిన పాత ఆయిలు ఒక చుక్క పడొచ్చు, కంగారుపడి మళ్ళీ విప్పకండి.

ఆ టాపెట్ కవరు ఎవరి దగ్గరుంది? ఇటు పంపండి. బయట వేపచెట్టు కింద బండి పెట్టారు, దానికి ఈ కవరే ఎక్కించాలి. అంచు చదును చేయడం, ప్యాకింగ్ వేయడం అక్కడ చేసి చూద్దాం. కుర్రాళ్ళు ఇద్దరు రండి, 10 నంబరు పానా మీలో ఎవరికైనా ఉంటే తీసుకురండి.